అరిస్టోక్రాటిక్: అర్థం, వాడుక, తెలుగులో దానికి సరిపోయే మాటలు

తెలుగు రాష్ట్రాల బయట ఉన్న మన కుటుంబాల్లో పిల్లల చదువు ఇంగ్లీషులో సాగుతుంది, లేదంటే కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీల్లో సాగుతుంది. ఇంట్లో మాత్రం తెలుగు. అందుకే సంఘాల సంచికలకు వ్యాసాలు రాసేవాళ్ళు, అనువాదం చేసేవాళ్ళు, పిల్లలకు పాఠం చెప్పే తల్లిదండ్రులు కొన్ని ఇంగ్లీషు మాటల దగ్గర ఆగిపోతుంటారు. అలా ఆపే మాటల్లో ఒకటి "అరిస్టోక్రాటిక్".

ఈ మాట చరిత్ర పాఠంలో కనిపిస్తుంది. నవలల్లో, పెళ్ళి సంబంధాల ప్రకటనల్లో, పట్టుచీరల దుకాణం బోర్డు మీద, కొత్త అపార్ట్‌మెంట్ల కరపత్రాల్లో కూడా కనిపిస్తుంది. అన్ని చోట్లా దాని అర్థం ఒకటి కాదు. నిఘంటువు తెరిచి "కులీన" అనే ఒక్క మాట తీసుకుని అన్ని చోట్లా అతికిస్తే కొన్ని వాక్యాలు సరిగ్గానే ఉంటాయి, కొన్ని తప్పుతాయి, మరికొన్ని అనుకోని అపార్థం ఇస్తాయి. ఏ చోట ఏ మాట వాడాలో మేము సేకరించినంత వరకు ఇక్కడ క్రమంగా పెడుతున్నాము.

క్లుప్తంగా చెప్పాలంటే

ఇది విశేషణం. దీనికి మూడు అర్థాలు ఉన్నాయి. మొదటిది, కొద్దిమంది ఉన్నత వంశీకుల చేతిలో ఉన్న పాలనకు సంబంధించినది. రెండోది, బిరుదులూ భూములూ తరతరాలుగా అనుభవించే ప్రభువర్గానికి చెందినది. మూడోది, అలాంటి వర్గపు మనుషుల్లో ఉంటుందని లోకం అనుకునే నడత, ఠీవి, అభిరుచి, ఒక్కోసారి అహంకారం. మొదటి రెండూ వ్యవస్థను, పుట్టుకను చెప్తాయి. మూడోది పోలికను చెప్తుంది. ఈ తేడా పట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

పలకడం, రూపాలు

విశేషణంలో ఊనిక "క్రా" మీద పడుతుంది: అరిస్ట-క్రా-టిక్. వ్యవస్థనూ వర్గాన్నీ చెప్పే నామవాచకం అరిస్టాక్రసీ. అందులో ఊనిక "స్టా" మీదికి జరుగుతుంది. ఆ వర్గపు మనిషి అరిస్టోక్రాట్. ఈ మాటను ఇంగ్లండువాళ్ళు మొదటి అక్షరం ఊని పలుకుతారు, అమెరికావాళ్ళు ఎక్కువగా రెండో అక్షరం ఊని పలుకుతారు. ఒకే కుటుంబపు మాటల్లో ఊనిక ఇలా చోటు మారడం ఇంగ్లీషులో మామూలే. ఫొటోగ్రాఫ్, ఫొటోగ్రఫీ, ఫొటోగ్రాఫిక్ కూడా అలాగే నడుస్తాయి. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ మూడూ పక్కపక్కన పెట్టి పలికిస్తే చాలు.

మాట పుట్టుక

గ్రీకులో "అరిస్టోస్" అంటే శ్రేష్ఠుడు, అందరిలో మేలైనవాడు. "క్రాటోస్" అంటే బలం, అధికారం. రెండూ కలిస్తే శ్రేష్ఠుల పాలన. డెమోక్రసీలో ఉన్నదీ ఈ క్రాటోసే. అక్కడ "డెమోస్" అంటే ప్రజలు.

మొదట్లో ఈ మాటలో వంశం లేదు. ప్లేటో తన రిపబ్లిక్‌లో మంచి పాలనను అరిస్టాక్రసీ అన్నప్పుడు, జ్ఞానం ఉన్నవాళ్ళు పాలించడం అనే అర్థంలోనే అన్నాడు. అరిస్టాటిల్ పాలిటిక్స్‌లో పాలనలను జతలుగా పెట్టాడు. ఒకడు అందరి మేలు కోసం పాలిస్తే రాచరికం, తన కోసం పాలిస్తే నిరంకుశత్వం. కొద్దిమంది అందరి మేలు కోసం పాలిస్తే అరిస్టాక్రసీ, ఆ కొద్దిమందే తమ సంపద కోసం పాలిస్తే ఆలిగార్కీ. అంటే ఆయన దృష్టిలో తేడా కొద్దిమంది పాలించడంలో లేదు, ఎవరి మేలు కోసం పాలిస్తున్నారన్న దాంట్లో ఉంది.

మరి శ్రేష్ఠుడు ఎవరని తేల్చేదెవరు? అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. అధికారంలో ఉన్నవాళ్ళు తామే శ్రేష్ఠులమన్నారు, తరవాత తమ కొడుకులూ శ్రేష్ఠులేనన్నారు. కొన్ని తరాలు గడిచేసరికి "మేలైనవాళ్ళు" అనే అర్థం పోయి "మేలైన ఇంట్లో పుట్టినవాళ్ళు" అనే అర్థం మిగిలింది. 16వ శతాబ్దిలో ఈ మాట ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు గ్రీకు అర్థంతోనే వచ్చింది. 17వ శతాబ్దిలో ప్రభువర్గం అనే అర్థం దానికి అంటుకుంది. ఇప్పుడు మామూలు వాడుకలో వినిపించేది అదే.

మన దేశంలో "శ్రేష్ఠ" అనే మాట ఇంకో దారిన నడిచింది. వర్తకుల సంఘానికి పెద్దను శ్రేష్ఠి అనేవారు. అదే సెట్టి, శెట్టి, చెట్టి అయిందని పండితులు చెప్తారు. గ్రీకులో మేలు అనే మాట పాలకుడి దగ్గరకు చేరితే, మన దగ్గర దుకాణం దగ్గరకు చేరింది.

పొగడ్త తిట్టుగా మారిన కాలం

అరిస్టోక్రాట్ అనే మాటకు పదును పెట్టింది ఫ్రెంచి విప్లవం. 1789 ఆగస్టు 4 రాత్రి ఫ్రాన్సు జాతీయ సభ ప్రభువుల ప్రత్యేక హక్కులను రద్దు చేసింది. 1790 జూన్‌లో వంశపారంపర్య బిరుదులూ రద్దయ్యాయి. ఆ రోజుల్లో పారిస్ వీధిలో ఒకడిని అరిస్టోక్రాట్ అని పిలవడం గౌరవం కాదు, నేరారోపణ. ఆ పేరు పడినవాడి ప్రాణం మీదికి వచ్చేది. అప్పటికి యానాం ఫ్రెంచివారి చేతిలోనే ఉంది. 1954 దాకా అక్కడి బడుల్లో ఫ్రెంచి చదువుకున్న పెద్దలకు ఈ మాట ఇంగ్లీషు ద్వారా కాక ఫ్రెంచి చరిత్ర ద్వారా తెలిసి ఉండాలి. అందులో పొగడ్త కంటే నింద పాలే ఎక్కువ.

అప్పటి నుంచి ఇంగ్లీషులోనూ ఈ మాటకు రెండు ముఖాలు ఉన్నాయి. ఒక రచయిత "అరిస్టోక్రాటిక్ ముఖం" అంటే తీర్చినట్టున్న ముక్కు, నిటారైన నిలకడ గుర్తొస్తాయి. అదే రచయిత "అరిస్టోక్రాటిక్ నిర్లక్ష్యం" అంటే ఎదుటివాడిని మనిషిగా లెక్కచెయ్యని చూపు గుర్తొస్తుంది. మెచ్చుకుంటున్నారా, దెప్పుతున్నారా అన్నది పక్కనున్న మాట చూస్తే గానీ తెలియదు. అనువదించేవాళ్ళు ఈ విశేషణాన్ని ఒంటరిగా చూడకూడదు.

డబ్బు వేరు, ఇది వేరు

మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అరిస్టోక్రాటిక్ అంటే ధనవంతుల అని కాదు.

ఇంగ్లండులో ప్రభువుల హోదాలు ఐదు: డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బారన్. ఇవి పైనుంచి కిందికి. వీళ్ళలో అప్పులపాలై పాత భవనం కప్పు కూడా బాగుచేయించుకోలేనివాళ్ళు చాలామంది ఉండేవారు. అయినా వాళ్ళు అరిస్టోక్రాట్లే. పక్క వీధిలో మిల్లు పెట్టి లక్షలు గడించినవాడు మాత్రం కాడు. 1999లో వచ్చిన చట్టం వంశపారంపర్య ప్రభువుల్లో 92 మందిని ఉంచి, మిగతావాళ్ళకు బ్రిటిష్ పార్లమెంటు ఎగువ సభలో కూర్చునే హక్కు తీసేసింది. ఆ రోజు సభలో చోటు పోయింది గానీ ఎవరి బిరుదూ పోలేదు.

ఈ తేడాకు మన నేలతో ముడిపడిన ఉదాహరణ ఒకటుంది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు ఇక్కడ సొమ్ము చేసుకుని ఇంగ్లండు వెళ్ళి పెద్ద ఇళ్ళు, పార్లమెంటు సీట్లు కొన్నప్పుడు, అక్కడి పాత వంశాలవాళ్ళు వాళ్ళను వెక్కిరిస్తూ "నేబాబ్" అన్నారు. మన నవాబు అనే మాటే అది. 1772లో శామ్యూల్ ఫుట్ ఆ పేరుతోనే ఒక నాటకం ఆడించాడు. సంపద ఉంది, వంశం లేదు, అదీ ఎగతాళి.

అయితే ఆ గోడ దాటలేనిది కాదు. 1698 నుంచి 1709 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ పిట్ ఇక్కడ ఒక పెద్ద వజ్రం కొన్నాడు. అది కృష్ణా తీరాన కొల్లూరు గనిలో దొరికిందని చెప్తారు. 1717లో దాన్ని ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మాడు. రీజెంట్ వజ్రం అనే పేరుతో అది పారిస్ లూవ్రు మ్యూజియం సేకరణలో చేరింది. ఆయన మనవడు విలియం పిట్ బ్రిటన్ ప్రధానమంత్రి అయ్యాడు, 1766లో ఎర్ల్ ఆఫ్ చాతమ్ అయ్యాడు. తాత వర్తకుడు, మనవడు ప్రభువు. ఎంత పాత వంశమైనా ఒకప్పుడు కొత్తదే. వెనక్కి వెళ్తే ఎక్కడో ఒకచోట ఒక కత్తి కనిపిస్తుంది, లేకపోతే ఒక డబ్బు సంచి కనిపిస్తుంది.

మన జమీందార్ల కథా ఇంతే. 1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత పైకం నిర్ణయించి జమీందారీలను చట్టంగా స్థిరపరిచింది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వాటిని తీసేసింది. మన రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది. మాజీ సంస్థానాధీశుల భరణాలు 1971లో 26వ సవరణతో ఆగిపోయాయి. కాబట్టి ఈ రోజు భారతదేశంలో చట్టం గుర్తించే అరిస్టోక్రాట్ ఎవరూ లేరు. "అరిస్టోక్రాటిక్ ఫ్యామిలీ" అని పెళ్ళి ప్రకటనలో వేసుకుంటే అది హోదా కాదు, జ్ఞాపకం మాత్రమే. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు.

దగ్గరి మాటలు, వాటి తేడాలు

రాయల్: రాజుకూ రాజకుటుంబానికీ చెందినది. అరిస్టోక్రాటిక్ వర్గం రాజుకు ఒక మెట్టు కింద ఉంటుంది. తెలుగులో "రాచ" అనే మాట రాజుకు సంబంధించినదానికే కాక పెద్దదానికీ, గొప్పదానికీ వాడుకైంది. రాచబాట, రాచఠీవి, చివరికి రాచపుండు కూడా. అందుకే మనకు ఈ రెండు ఇంగ్లీషు మాటలూ కలిసిపోతాయి.

నోబుల్: లాటిన్‌లో దీని మూలానికి "తెలిసిన" అని అర్థం. నలుగురికీ తెలిసిన ఇల్లు, పేరున్న ఇల్లు. మనం "పేరుగల కుటుంబం" అనడం లేదా, అదే ఆలోచన. అయితే నోబుల్ ఇప్పుడు ఎక్కువగా గుణానికి వాడతారు: ఉదాత్తమైన, గొప్ప మనసున్న. పేద మనిషి నోబుల్ కావచ్చు, అరిస్టోక్రాట్ కాలేడు.

పాట్రీషియన్: రోము నగరపు పాత వంశాలవాళ్ళు. "పితరులు" అనే మాట నుంచి వచ్చింది. ఇప్పుడు కొంచెం పుస్తకాల మాట.

జెంటిల్: ముందు "మంచి వంశపు" అని, తరవాత "మర్యాదగల" అని, చివరికి "మెత్తని" అని మారింది. దీనికి ఎదురు దారిలో నడిచింది విలన్. ఆ మాటకు మొదటి అర్థం పొలంలో పనిచేసేవాడు. పాలేరు కాస్తా సినిమాలో దుర్మార్గుడైపోయాడు.

బ్లూ బ్లడ్: స్పానిష్ నుంచి వచ్చిన పలుకుబడి. ఎండలో పనిచెయ్యని తెల్లని చర్మం కింద నరాలు నీలంగా కనిపించడం దాని మూలం. దీన్ని "నీలి రక్తం" అని తెలుగు చేస్తే ఎవరికీ బోధపడదు. "రాచరక్తం" అంటే చాలు.

పాష్: ఖరీదైన, పెద్దవాళ్ళ తరహా. దీని మీద ఒక కథ ఉంది. ఇండియాకు వచ్చే ఓడల్లో వెళ్ళేటప్పుడు ఎడమవైపు, తిరిగి వచ్చేటప్పుడు కుడివైపు నీడపట్టున ఉండే గదులు ధనవంతులు తీసుకునేవారని, ఆ నాలుగు మాటల మొదటి అక్షరాలే పాష్ అయ్యాయని చెప్తారు. వినడానికి బాగుంటుంది గానీ దానికి ఆధారం ఇంతవరకు దొరకలేదు.

స్నాబ్: మొదట చెప్పులు కుట్టేవాడు, ఆ తరవాత సామాన్యుడు, ఆపైన గొప్పవాళ్ళను అనుకరించేవాడు, చివరికి తనకంటే కిందివాళ్ళను చిన్నచూపు చూసేవాడు. ఈ మాటకు పేరు తెచ్చిన థాకరే పుట్టింది కలకత్తాలో. మన "భేషజం" దీనికి దగ్గరగా ఉంటుంది.

అసలు సిసలు ప్రభువర్గాన్ని మాట తీరుతోనే గుర్తుపట్టొచ్చని 1954లో అలన్ రాస్ అనే భాషావేత్త ఒక వ్యాసం రాశాడు. ఉన్నత వర్గపు మాటలను "యూ" అని, మిగతావాటిని "నాన్ యూ" అని విడదీశాడు. చేతిగుడ్డను నాప్కిన్ అంటే యూ, సెర్వియెట్ అంటే నాన్ యూ. అద్దాన్ని లుకింగ్ గ్లాస్ అంటే యూ, మిర్రర్ అంటే నాన్ యూ. ఇందులో తమాషా ఏమిటంటే, నాజూకుగా వినిపించాలని తాపత్రయపడే మాటలే నాన్ యూ వైపు పడ్డాయి. పై వర్గం నిబ్బరంగా పాత, మోటు మాటే వాడేది. పైకి ఎక్కాలనుకునేవాడే మెరుగుపెట్టిన మాట వాడేవాడు.

పొరుగు భాషల్లో జాగ్రత్త

మనవాళ్ళకు ఎక్కువ పనికొచ్చే భాగం ఇదే అనుకుంటున్నాము. సంస్కృతం నుంచి వచ్చిన మాటలు అన్ని భాషల్లో ఒకేలా కనిపిస్తాయి, అర్థం మాత్రం ఊరు మారితే మారుతుంది.

తమిళంలో "పిరబుత్తువం" అంటే ప్రభువుల వర్గం, వాళ్ళ పెత్తనం. తెలుగులో "ప్రభుత్వం" అంటే సర్కారు. తమిళ చరిత్ర పుస్తకం చదివి తెలుగులో రాసే పిల్లలు ఇక్కడ పల్టీ కొడతారు. తమిళంలోనే "ఉయర్‌కుడి" అనే మాట కూడా ఉంది. దానికి ఉన్నత వంశం అని అర్థం. మరాఠీలో "ప్రభుత్వ" అంటే పట్టు: ఒక భాష మీద ప్రభుత్వం ఉందంటే ఆ భాష బాగా వచ్చని.

కన్నడంలో ప్రభువర్గాన్ని "శ్రీమంత వర్గ" అంటారు. అయితే మామూలు మాటల్లో శ్రీమంత అంటే కన్నడంలోనూ, మరాఠీలోనూ, తెలుగులోనూ డబ్బున్నవాడే. పైన చెప్పిన డబ్బు, వంశం తేడా ఈ మాటలో చెరిగిపోతుంది.

ఒడియాలో "అభిజాత" అంటే సరిగ్గా అరిస్టోక్రాటిక్. మరాఠీలో "అభిజాత భాషా" అంటే క్లాసికల్ భాష. 2024 అక్టోబరులో కేంద్రం మరాఠీకి ఆ హోదా ఇచ్చినప్పుడు షోలాపూర్, ముంబై తెలుగువాళ్ళు పత్రికల్లో చూసింది ఈ మాటే. తెలుగుకు 2008లో వచ్చిన అదే హోదాను మనం ప్రాచీన భాష, విశిష్ట భాష అంటున్నాము. మన తెలుగులో "ఆభిజాత్యం" అంటే వంశగౌరవం, దాంతో వచ్చే బిగువు. మాట ఒకటే, మూడు భాషల్లో మూడు దారులు. చిత్రమేమిటంటే క్లాసికల్ అనే ఇంగ్లీషు మాట కూడా రోములో పై తరగతి పౌరుల పేరు నుంచి వచ్చిందే. భాషకు హోదా ఇచ్చేటప్పుడు కూడా మనుషుల తరగతుల మాటే అప్పు తెచ్చుకున్నారు.

ఒడియాలో "సంభ్రాంత" అంటే గౌరవనీయమైన, పెద్దింటి. తెలుగులో సంభ్రాంతి అంటే కంగారు, తత్తరపాటు. పర్లాకిమిడి, బరంపురం వైపు ఆహ్వాన పత్రికలు రెండు భాషల్లో వేసేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. మరాఠీలో "ఘరందాజ్", "ఖానదానీ" అంటే మంచి కుటుంబానికి చెందిన అని. తెలుగులో ఖాందానీ వాడుకలో ఉంది కాబట్టి చిక్కులేదు.

తెలుగులో ఏ మాట ఎక్కడ

పాలన గురించి అయితే "కులీనపాలన" అని పుస్తకాల్లో ఉంది. సంస్కృతంలో కులం అంటే వంశం, కుటుంబం. తెలుగులో కులం అంటే ఇంకొకటి. కులీనపాలన అని చదివిన పిల్లవాడు "ఒక కులం పాలన" అనుకుంటే తప్పు వాడిది కాదు. పైగా బెంగాలులో కులీన బ్రాహ్మణుల బహుభార్యత్వం మీద ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పోరాడిన చరిత్ర ఈ మాట వెనక ఉంది. అందుకే పిల్లల పాఠాలకు "ప్రభువర్గ పాలన", గ్రీకు అర్థం చెప్పేటప్పుడు "శ్రేష్ఠుల పాలన" అనడం మేలని మా అభిప్రాయం.

వర్గం గురించి అయితే "ప్రభువర్గపు", "ఉన్నత వంశానికి చెందిన". ఆంధ్ర, తెలంగాణ సందర్భంలో అయితే "జమీందారీ కుటుంబపు", "దొరల", "దివాణపు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఇంకా మంచిది. ఫ్రాన్సు ప్రభువును మాత్రం జమీందారు అనకూడదు. రెండు వ్యవస్థలూ ఒకటి కావు.

నడతను మెచ్చుకునేటప్పుడు "హుందా", "రాచఠీవి", "దర్జా". ఈ దర్జా మూలంలో మెట్టు, హోదా అనే అర్థమున్న మాటే. ఇంగ్లీషు మాటలాగే హోదా నుంచి తీరుకు వచ్చింది. అభిరుచికి "నాణ్యమైన", "నాజూకైన". దెప్పేటప్పుడు "దొరతనం", "నవాబీ", "భేషజం", "బిగువు".

చిన్న ఉదాహరణలు చూడండి. "ఆయన ప్రభువంశంలో పుట్టినా రైతులతో కలిసి భోంచేసేవాడు": ఇక్కడ రెండో అర్థం. "మగ్గం మీద బతికిన మనిషే గానీ ఆమె నడకలో రాచఠీవి ఉండేది": ఇక్కడ మూడోది. "అడిగినదానికి జవాబు చెప్పకుండా ఆ నవాబీ చూపు ఏమిటి": ఇదీ మూడోదే, కానీ నింద. మూడింటికీ ఇంగ్లీషులో ఒకే విశేషణం సరిపోతుంది. తెలుగులో సరిపోదు, సరిపోకపోవడం మన భాషకు లోటేమీ కాదు.

పుట్టుకనూ గుణాన్నీ కలిపే మాటలు

హోదాను చెప్పే మాటలు క్రమంగా గుణాన్ని చెప్పే మాటలవుతాయని సి.ఎస్. లూయిస్ 1960లో మాటల మీద రాసిన పుస్తకంలో చూపించాడు. నోబుల్, జెంటిల్, విలన్ అలా మారినవే. తెలుగులోనూ ఇది ఉంది. నగరం నుంచి నాగరికం వచ్చింది, గ్రామం నుంచి గ్రామ్యం. ఊళ్ళో పుట్టిన మాట కాబట్టి అది తక్కువ మాట అని తీర్పు ముందే ఇచ్చేసినట్టు.

ఈ "గ్రామ్యం" అనే ముద్ర మీద జీవితమంతా పోరాడినవాడు గిడుగు రామమూర్తి. 1863లో పుట్టిన ఆయన 1880 నుంచి పర్లాకిమిడిలో రాజావారి బడిలో పాఠాలు చెప్పాడు. రాజావారి నీడలో ఉంటూనే జనం మాట్లాడే తెలుగే రాతకు తగినదన్నాడు, కొండల్లో సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టాడు. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినప్పుడు ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయాడు. తెలుగు నేల బయట బతుకుతున్న మనకు ఆయన పని రెండు రకాల దగ్గరిది. ఈ రోజు మన ఇళ్ళలో మిగిలిన తెలుగు పండితుల తెలుగు కాదు. హోసూరులో, బళ్ళారిలో, కోవిల్‌పట్టిలో, భివండిలో పొరుగు మాటలు కలిసిన తెలుగు. దాన్ని ఎవరైనా మోటు అంటే, అన్నవాళ్ళు వాడుతున్నది భాషాశాస్త్రం కాదు, పైన చెప్పిన మూడో అర్థంలోని బిగువు.

మన సంచికలకు ఒక మనవి

సంఘాల వార్షిక సంచికల్లో మన చరిత్ర రాసేటప్పుడు విజయనగర సామంతులు, మదురై, తంజావూరు నాయక రాజులు, పాళెగాళ్ళు, జమీందార్లు తప్పక వస్తారు. రావాలి కూడా, అది నిజమైన చరిత్ర. కానీ ఆ వరుసలో "మనది అరిస్టోక్రాటిక్ వారసత్వం" అనే వాక్యం వచ్చినప్పుడు లెక్క సరిచూడాలి. షోలాపూరుకు వెళ్ళింది పద్మశాలి నేతగాళ్ళు. ముంబైలో కామాఠిపురాకు ఆ పేరు వచ్చింది కట్టడాల పనికి వెళ్ళిన తెలుగు కూలీల వల్ల. కోలారు బంగారు గనుల్లోకి దిగినవాళ్ళలో మనవాళ్ళు వేలమంది. తమిళనాట నల్లరేగడి భూముల్లో అడవి కొట్టి ఊళ్ళు కట్టిన తెలుగు రైతుల కథను, ఇంట్లో తెలుగు మాట్లాడిన కి. రాజనారాయణన్ "గోపల్ల గ్రామం"లో తమిళంలో రాశాడు. దాని తరవాతి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది.

ఆ ఇళ్ళ పిల్లలు మన సంచిక తెరిచి అందులో రాజులే ఉంటే, తమ తాతలకు చరిత్ర లేదనుకుంటారు. ఒక విశేషణం చేసే నష్టం అంత దూరం పోతుంది. రాజును రాజు అనండి, జమీందారును జమీందారు అనండి, నేతగాణ్ణి నేతగాడు అనండి. "అరిస్టోక్రాటిక్" అవసరమైన చోట పైన చెప్పిన మూడు అర్థాల్లో ఏదో తేల్చుకుని దానికి తగిన తెలుగు మాట వేయండి. తేలకపోతే ఆ మాట తీసేసి చూడండి. చాలా వాక్యాలు అది లేకుండానే నిలబడతాయి.

మీ ప్రాంతంలో పెద్దింటివాళ్ళను, వాళ్ళ తీరును చెప్పడానికి ఇక్కడ రాని తెలుగు మాట ఏదైనా వాడుకలో ఉంటే, ఊరి పేరు, వాడే తీరు రాసి పంపండి. తరవాతి జాబితాలో చేరుస్తాము.